ఊడ్చిన హాల్లో ఊడ్చిన యంత్రం

మా పఠనాలయం రజతోత్సవ సంచిక అచ్చయి వచ్చింది. కాగితం మంచిది, అట్ట నున్నగా ఉంది. మధ్య పేజీలో ఒక ఫొటో వేశారు. అద్దాల బీరువాలో నిలబెట్టిన, పొడవాటి కర్రలాంటి ఊడ్పు యంత్రం ఫొటో అది. ఈ ఆధునిక సాధనం వచ్చిన నాటి నుంచి హాలు నిత్యం శుభ్రంగా ఉంటోందని దాని కింద రాశారు. దాన్ని తెప్పించిన కార్యదర్శి గారికి కృతజ్ఞతలు కూడా చెప్పారు.

అది అబద్ధం. ఆ యంత్రం మొత్తం మీద తిరిగింది ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులకు ముందు, ఆ తర్వాత, నిజం చెప్పాలంటే ఆ ఇరవై రోజుల్లో కూడా చాలావరకు, హాలు ఊడ్చింది ఒక మనిషి. ఆమె పోయిన వానకాలంలో చనిపోయింది. సంచికలో ఆమె మాటే లేదు.

నేను ఏడో తరగతితో బడి మానేసి కొత్తవాడలో జంపఖానాల మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ హాల్లో, అచ్చు కాగితాల మీద నేర్చుకున్నాను. భూమి ఎంత దూరంలో సూర్యుణ్ణి చుట్టి వస్తుందో, ఉప్పు మీద పన్ను ఎందుకు వేశారో, పట్టుపురుగు ఎన్నిసార్లు కుబుసం విడుస్తుందో నాకు ఏ పంతులూ చెప్పలేదు. అచ్చయిందంటే ఎవరో సరిచూసి ఉంటారని నమ్మి చదువుకున్నాను. అందుకే అచ్చులో పడ్డ అబద్ధం నన్ను మామూలు అబద్ధం కంటే ఎక్కువ మండిస్తుంది. రేపు నాలాంటివాడే ఒకడు ఆ సంచిక తీసి చదువుతాడు, నమ్ముతాడు. వాడి చేతికి ఇంకో కాగితం కూడా దొరకాలి. అందుకే ఇది రాస్తున్నాను.

మేమంతా ఆమెను అవ్వా అని పిలిచేవాళ్లం. ఖిలా వరంగల్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. సన్నటి మనిషి, కొంగు నడుముకు బిగించి కట్టేది. చేతిలో ఒక డబ్బా, దాన్నిండా తడిపిన రంపపు పొట్టు. దారిలో సామిల్లు దగ్గర ఆగి అడిగి తెచ్చుకునేది. హాల్లోకి రాగానే పొరక ముట్టేది కాదు. ముందు కిటికీల దగ్గరికి వెళ్లి చెయ్యి బయటికి పెట్టి గాలి ఎటునుంచి వస్తోందో చూసేది. ఒక కిటికీ మూసేది, ఇంకోటి తెరిచేది. తర్వాత బండల మీద ఆ తడి పొట్టు చల్లి, ఒక మూల నుంచి మొదలుపెట్టేది. దుమ్ము లేచేది కాదు. పొట్టుకు అంటుకొని పొరక వెంట నడిచి వచ్చేది.

మా హాల్లో ముందు భాగంలో పేపర్లు చదివే బల్లలు, వెనక భాగంలో కింద పరిచిన మూడు పెద్ద జంపఖానాలు. కొత్తవాడ నేతగాళ్లం కలిసి ఇచ్చినవి. అందులో ఎర్ర అంచుది నేను నేసింది. ఆమె మొదటి ఊడ్పు తలుపులు తెరవకముందు. రెండోది తొమ్మిది గంటలప్పుడు, పేపర్లు చదివేవాళ్లు నిండాక. అప్పుడు ఎవరినీ జరగమని అడిగేది కాదు. పొరక మొదలుతో నేల మీద రెండుసార్లు ఠక్ ఠక్ అని కొట్టేది. చదివేవాళ్లు పేజీ మీంచి కన్ను తీయకుండానే కాళ్లు పైకెత్తేవారు. వరసగా, ఒకరి తర్వాత ఒకరు. ఒకసారి కార్యదర్శి గారు కూడా ఏదో లెటర్ చదువుతూ కాళ్లెత్తడం చూశాను. ఎత్తాక, ఊడుస్తున్నది ఎవరో చూసి, తానెవరో గుర్తొచ్చినట్టు దించేశారు. ఆమె ఊడ్వకుండా అక్కడే నిలబడి, మళ్లీ కొట్టింది. ఆయన మళ్లీ ఎత్తారు.

ఊడ్చిన చెత్తను చూడకుండా పారేసేది కాదు. తలుపు దగ్గర కుప్ప చేసి, గొంతుక్కూర్చొని, పుల్లతో కెలికేది. కళ్లజోడు స్క్రూలు, గుండీలు, పిన్నులు, ఒకసారి ఎవరిదో ఉంగరంలోంచి రాలిన పగడం, అన్నీ కిటికీ గట్టు మీద పెట్టేది. పోగొట్టుకున్నవాడు మరునాడు నేరుగా ఆ గట్టు దగ్గరికే వెళ్లేవాడు. ఆమెకు చదువు రాదు. కానీ ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో చెత్త చూసి చెప్పేది.

"ఏం పంతులూ, నిన్న రాలేదేంది? పానం మంచిగ లేదా?" అనేది నన్ను చూసి.

"నేను రాలేదని నీకెట్ల తెలిసింది?"

"నీ జాగల పెన్సిల్ పొట్టు లేదు. పల్లికాయ పొట్టున్నది. ఎవడో చదువురానోడు కూసున్నడు."

పుస్తకం పట్టుకున్నవాణ్ణల్లా ఆమె పంతులు అనేది. నన్ను అనేటప్పుడు మాత్రం కొంచెం సాగదీసేది, ఎందుకంటే నా వేళ్ల మధ్య నూలు పీచు ఉండేది.

ఊడ్చడం అయిపోయాక ఆమె చేసే ఒక పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెప్పులు విప్పి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వట్టికాళ్లతో మెల్లగా నడిచేది. ప్రతి నాలుగడుగులకు ఒకసారి ఆగి, ఒక పాదాన్ని రెండో కాలి పిక్కకు రుద్దుకునేది. ఏదన్నా తగిలితే వెనక్కి వెళ్లి పొరక తెచ్చేది. తగలకపోతే తల ఊపి, పొరకను తలుపు వెనక పెట్టేది. కంటిని నమ్మేది కాదు. "కన్ను మొగమాటపడ్తది పంతులూ. కాలుకు మొగమాటముండదు" అనేది.

ఎనభైల మొదట్లో కార్యదర్శి గారు హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఆ యంత్రాన్ని చూసి వచ్చారు. ఆయన బజారులో పేరున్న వ్యాపారి, మాట పోనివ్వని మనిషి. ఆ యంత్రానికి తీగ లేదు. పిడిలోనే బ్యాటరీ. గోడకు తగిలించి కరెంటు ఎక్కిస్తే, తీసుకొని ఎక్కడికైనా పట్టుకెళ్లవచ్చు. పెద్ద కంపెనీల తీగ యంత్రాల కంటే ఎంతో చవక. అమ్మే మనిషి వచ్చి చూపిస్తాడు, నచ్చితే కమిటీ కొంటుంది అన్నారు. నన్ను పిలిచి ఇంగ్లీషు కరపత్రం ఒకటి చేతిలో పెట్టారు.

"నువ్వు నిఘంటువు దగ్గర పెట్టుకొని చదువుతవ్ గదా. మిషన్ ఎట్లున్నదో చూసి రిపోర్టు రాయి. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం కమిటీల పెడ్త."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో దాచను. రెండు రోజులు కూర్చొని కరపత్రం మాట మాట వెతికి చదివాను. విజ్ఞాన సర్వస్వం తీసి గాలి పీడనం గురించి కూడా చదివాను. యంత్రం దుమ్మును లాగదు. లోపల గాలి పలచబడితే బయటి గాలి దుమ్మును లోపలికి తోస్తుంది. ఇది అవ్వకు చెప్పాను.

"ఎవలు తోస్తే ఏంది, మన్ను పోవాలె" అంది. కొంచెం ఆగి అడిగింది: "అది అస్తే నన్నేం చేస్తరట?"

నాకు తెలియదన్నాను. కానీ లైబ్రేరియన్ గారు పక్కనే ఉన్నారు. ఆయన మెత్తని మనిషి, అబద్ధం ఆడలేరు. యంత్రం కొంటే ఊడ్చే మనిషి అవసరం ఉండదని కమిటీలో ఒక మాట అనుకున్నారని తల వంచుకొనే చెప్పారు. ఆమె డబ్బాలోంచి పొట్టు పిడికెడు తీసి, నీళ్లు పిండి, చల్లడం మొదలుపెట్టింది.

ఇక ఆ ప్రదర్శన సంగతి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుందో కోపమొస్తుందో చెప్పలేను. ఊడ్పు యంత్రం ఎలా ఊడుస్తుందో చూడాలని మనుషుల్ని పిలిచారు. మనుషులు వస్తున్నారంటే హాలు ఊడ్చి ఉండాలి గదా? కాబట్టి అవ్వను పొద్దు పొడవకముందే రమ్మన్నారు. ఆమె వచ్చి హాలంతా ఊడ్చింది, జంపఖానాలు ఎత్తి దులిపింది, గడప కడిగి ముగ్గు పెట్టింది. వచ్చే పెద్దలకు కనిపించకుండా పొరకను పెరట్లో పెట్టమన్నారు. పెట్టింది. అంటే యంత్రం వచ్చేసరికి ఊడవడానికి హాల్లో ఏమీ లేదు! అంతమంది వ్యాపారస్తులున్నారు, బియ్యం బస్తా కొనాలంటే బొంగు గుచ్చి లోపలి గింజ చూసేవాళ్లు. ఒక్కడికీ ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు.

యంత్రానికి పసుపు కుంకుమ పెట్టారు, దండ వేశారు. దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు ఎర్ర అంచు జంపఖానా మీదికి జారాయి. అమ్మే కుర్రాడు టై కట్టుకొని మీట నొక్కబోతూ ఒక్కసారిగా అరిచాడు:

"తడి! తడి! ఆగండి సార్, తడి మీద పెట్టకూడదు, మోటార్ కాలిపోతుంది!"

ఎవరో పరుగెత్తి పెరట్లోంచి అవ్వను పిలిచారు. ఆమె గుడ్డతో నీళ్లద్ది, కొబ్బరి పెంకులు ఏరి, చేతిలోకి తీసుకొని, "ఇగ కానియ్యిరి" అని పక్కకు తప్పుకుంది.

యంత్రం గుయ్యిమంది. ఊడ్చిన హాల్లో అటు ఇటు తిరిగింది. తర్వాత ఆ అబ్బాయి సంచిలోంచి పిండి తీసి జంపఖానా మీద తెల్లగా చల్లి, ఒక్క గీత గీసినట్టు ఎత్తేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పట్లు ఆగాక తలుపు దగ్గర నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"బిడ్డా, నువ్వు పోసింది నువ్వే ఎత్తుకున్నవ్. మంచిదే. ముందుగాల నుంచి ఉన్నది ఎత్తి సూపెట్టు."

"ముందు నుంచి ఏమీ లేదమ్మా, హాలు ఎంత క్లీన్‌గా ఉందో చూడండి."

"ఎందుకు లేదో నాకెరికే" అంది ఆమె.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కార్యదర్శి గారు ఆమె వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకొని బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను రిపోర్టు రాయడానికి కూర్చుంటే ఆమె వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"పంతులూ, ఆ కాయితంల ఏం రాస్తవ్?"

"చూసింది రాస్త."

"నువ్వు సూసింది నా పని. మిషన్ పని నువ్వింకా సూడలే. నేను ఒక్క దినం ఊడ్వ. దానితోటి ఊడ్పియ్యి. అప్పుడు రాయి. మంచిగ చేస్తే మంచిగనే రాయి, నా మీద దయ సూపెట్టకు. దానికి నేను దుష్మన్ కాను."

ఆదివారం హాల్లో పెద్ద సభ జరిగింది. సోమవారం పొద్దున లైబ్రేరియన్ గారు తలుపు ఆలస్యంగా తెరుస్తానని ఒప్పుకున్నారు. అమ్మే మనిషి యంత్రాన్ని వారం రోజులు చూడమని వదిలి వెళ్లాడు. రాత్రంతా కరెంటు ఎక్కించి ఉంది. హాలునిండా పల్లీ పొట్టు, పూల రెక్కలు, బీడీ ముక్కలు, చెప్పుల మన్ను. నేను కర్ర పట్టుకున్నాను. అవ్వ చేతులు కట్టుకొని వెంట నడిచింది.

ఆమె ఎంత న్యాయంగా చూసిందో నేను ఇక్కడ గట్టిగా చెప్పాలి. తన పని తీసేయబోతున్న వస్తువును అంత నిదానంగా చూసే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. బల్లల కింద నూలు పీచు, సన్నటి ధూళి యంత్రం చక్కగా తీసింది. ఆమె ముఖం వెలిగింది.

"అరె, దుమ్ము లేస్తలేదు! పొట్టు సల్లకుంటనే. దినాం పేపర్ సదివే ఆ దగ్గే పెద్దయ్యకు ఇది మంచిగుంటది. రాయి."

యంత్రం మూతి బల్లపరుపుగా ఉంది, బీరువాల కిందికి పోయింది. ఏళ్లనాటి దుమ్ము బయటికి వచ్చింది. ఆమె నేల మీద చెంప ఆనించి లోపలికి చూసింది. "నా పొరక ఆడిదాంక ఎన్నడు పోలే. ఇది పోయింది. రాయి పంతులూ, ఇది కూడ రాయి."

తర్వాత పల్లీ పొట్టు దగ్గర చిక్కు మొదలైంది. నాలుగు పొట్టు ముక్కలు మూతికి అడ్డం పడితే ఐదోది పోదు. దుమ్ము పడే గిన్నె టీ కప్పు కంటే పెద్దది కాదు. మాటిమాటికి తెరవాలి. తెరిచినప్పుడల్లా సగం నా ముఖం మీదికి, సగం నేల మీదికి.

"గిదేంది, తిన్నది కక్కుతాంది" అని ఆమె పడి పడి నవ్వింది. నేను తుమ్ముతున్నాను. "జర మెల్లగ పంతులూ, నువ్వు సుత మిషన్ లెక్కనే ఊదుతున్నవ్."

జంపఖానా మీదికి వచ్చాం. యంత్రం మూతిలో తిరిగే బ్రష్షు ఒకటి ఉంది. అది ఎర్ర అంచు దగ్గరికి పోగానే అంచు పోగులను చుట్టుకొని గుంజింది. గర్రుమని ఆగింది. నేను నేసిన జంపఖానా అది, ముడులు నా వేళ్లతో వేసినవి. నేను విసురుగా లాగబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. మెడలోని పుస్తెలతాడు నుంచి పిన్నీసు తీసి, కూర్చొని, ఒక్కో పోగు సడలించింది. ఒక్కటీ తెగలేదు. అందులోంచి తల వెంట్రుకల ఉండ కూడా తీసి చూపించింది. "ఇట్ల దినాం ఎవలు తీస్తరు?"

మళ్లీ మీట నొక్కితే గొంతు తగ్గింది. జంపఖానాలో సగం కూడా కాలేదు, బ్యాటరీ అయిపోయింది. గోడకు తగిలిస్తే ఎర్ర దీపం వెలగలేదు. కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఎప్పుడు పోయేదో, ఎప్పుడు వచ్చేదో ఎవరూ చెప్పలేని కాలం. వచ్చినా మళ్లీ నిండడానికి రాత్రంతా కావాలి.

ఆమె హాలు చుట్టూ చూసి, "సగం తలకు నూనె పెట్టినట్టున్నది" అంది.

అంతటితో ఆపలేదు. పక్కనే టీ హోటల్ నడిపే ఖాజా భాయ్‌ని పిలిచింది. యంత్రం శుభ్రం చేసిన సగం వైపు, ఆయనా నేనూ చెరో అంచు పట్టుకొని జంపఖానాను బోర్లా వేశాం. పిండి చల్లి ఎత్తిన చోటు కూడా అందులోనే ఉంది. ఆమె కర్రతో నాలుగు దెబ్బలు వేసింది. మళ్లీ ఎత్తితే బండ మీద సన్నటి ఇసుక, పిడికెడుకు పైనే, జంపఖానా చారల లెక్కనే చారలు చారలుగా పడి ఉంది. నేను పుట్టినప్పటి నుంచి జంపఖానాలు నేస్తున్న ఇంటివాణ్ణి. పోగుల మధ్య ఇసుక దిగుతుందని, ఆ ఇసుకే లోపల్నుంచి పోగును కోస్తుందని నాకు తెలిసి ఉండాలి. తెలుసు కూడా. కానీ కరపత్రం చదివిన రోజు నుంచి మరిచిపోయాను.

"పైనున్నది ఎవలన్న ఎత్తుతరు" అంది ఆమె. "బాగుచేసేటోడు వరంగల్‌ల ఉన్నడా? అడిగినవా?"

అడగలేదు. తర్వాత అడిగితే, హైదరాబాదుకు పంపాలన్నారు.

ఆమె చెప్తుంటే నేను రాసుకున్నాను. బీరువాల కిందికి మంచిది. దగ్గు ఉన్నవాళ్లున్న ఇంటికి మంచిది. ఒక గది, రెండు గదులు, వంగలేని మనుషులు ఉంటే కొనుక్కోవచ్చు. ఇంత పెద్ద హాలుకు, ఇన్ని కాళ్లు వచ్చే చోటుకు, జంపఖానాలకు పనికిరాదు. కొంటే కొనండి, పొరక కూడా ఉంచండి. చివరి మాట చెప్పేటప్పుడు ఆమె నా ముఖం వైపు చూడలేదు.

నేను శుద్ధంగా తిరగరాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివారు. అబద్ధం ఎందుకు, చాలా మెచ్చుకున్నారు. "బ్యాటరీ సంగతి, గిన్నె సంగతి మంచిగ పట్టినవ్. ఇంజనీర్ రాసినట్టున్నది. ఈ ఇసుక ముచ్చట ఎట్ల తోచింది నీకు?"

"నాకు తోచలేదు సార్. అవ్వ బోర్లేసి చూపించింది. ఇందులో చాలావరకు ఆమె చెప్పిందే."

ఆ నిమిషం దాకా అది మంచి రిపోర్టు. ఆ నిమిషం తర్వాత చెల్లని కాగితమైంది. ఒక్క అక్షరం మారలేదు. ఆయన దాన్ని మడిచి సొరుగులో పెట్టారు.

"ఆమె పని పోతదని ఆమె అట్లనే చెప్తది గదా! దాన్ని నువ్వు రిపోర్టంటవా?"

"అమ్మేటాయన సుత అమ్ముడు పోవాలనే చెప్పిండు గదా సార్."

ఆయన కోప్పడలేదు. చాలా మెల్లగా అన్నారు: "నువ్వు ఈడికి చదువుకోనీకి వస్తవ్. చదువుకో. అందరికి అవకాశముండదు."

నాకు అర్థమైంది. నా పఠనాలయం కార్డు ఆయన సంతకం మీద నడుస్తుంది. నేను నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా నా కోపమంతా ఆయన మీదనే అని చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా పూర్తి నిజం కాదు.

యంత్రం కొన్నారు. అవ్వను ఒకటో తారీకు నుంచి రావద్దన్నారు. చివరి రోజున కూడా ఆమె కిటికీలో చెయ్యి పెట్టి గాలి చూసింది, పొట్టు చల్లి ఊడ్చింది, వట్టికాళ్లతో నడిచింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ ఊడ్చింది. లైబ్రేరియన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

వారం రోజులకే కబురు పంపారు. పెద్ద చెత్త పడితే యంత్రం పాడవుతుందట! కాబట్టి యంత్రంతో ఊడ్చే ముందు ఎవరైనా ఒకసారి పొరకతో ఊడ్చి పెట్టాలట! ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆమె వచ్చింది. ఆమె ఊడ్చేది, ఆమె వెనకాల అటెండరు గుయ్యిమని యంత్రం తిప్పేవాడు, చూడటానికి వచ్చినవాళ్లు యంత్రాన్ని పొగిడేవారు. ఇరవయ్యో రోజున యంత్రంలోంచి మాడిన వాసన వచ్చి ఆగిపోయింది. హైదరాబాదుకు రాసిన ఉత్తరం చిరునామా దొరక్క తిరిగి వచ్చింది. మరి పారేయలేరు గదా, పరువు. అద్దాల బీరువాలో పెట్టారు.

ఆ తర్వాత ఆమె చనిపోయేదాకా ఊడ్చింది. కానీ అంతకుముందులా నెల జీతం మనిషిగా కాదు. ఏ రోజు వద్దంటే ఆ రోజు ఆగిపోయే మనిషిగా. శుక్రవారం శుక్రవారం ఆ బీరువా అద్దం తుడవడం కూడా ఆమె పనే. ఒకసారి తుడుస్తూ నన్ను పిలిచింది.

"ఇటు సూడు పంతులూ, దీని మీద దుమ్ము పడొద్దని అద్దం పెట్టిండ్లు. దుమ్ము తినేదానికి!"

నేను నవ్వి, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. "నీకు కోపం రాలేదా అవ్వా?"

ఆమె గుడ్డ పిండింది. "వచ్చింది. ఎవలకు సూపెట్టాలె? నీకా?"

అంతే అంది. తిట్టినట్టు కూడా లేదు. ఉన్న సంగతి అడిగినట్టుంది. నేను వెళ్లి నా బల్ల దగ్గర కూర్చొని పేజీ తిప్పాను. కాసేపటికి ఠక్ ఠక్ వినిపించింది. కాళ్లెత్తాను.

సంచిక వచ్చిన మరునాడు నేను దాన్ని పట్టుకొని ఖిలా వరంగల్ వెళ్లాను. ఆమె కూతురు బట్టలు ఆరేస్తోంది. ఫొటో చూపించి, దాని కింద రాసింది చదివి వినిపించాను. జరిగిందంతా రాసి అచ్చు వేయిస్తానన్నాను. ఆమె చేతిలో తడి చీర అలాగే పట్టుకొని విన్నది.

"రాయి అన్నా. అంత రాయి. గాని మా అవ్వ పేరు రాయకు. ఇంటి పేరు సుత రాయకు."

"పేరు కోసమే గదా చెల్లె రాసేది! ఇన్నేళ్లు ఎక్కడా లేదు."

"అవ్వ పోయినకాన్నుంచి గా హాల్ నేనే ఊడుస్తాన. ఎరికేనా నీకు? నువ్వు పొద్దుగాల వస్తలేవు గదా ఇప్పుడు." నిజమే, మగ్గం పని పెరిగి నేను సాయంత్రాలే వెళ్తున్నాను. "పేరు జూస్తే ఎవల బిడ్డనో తెలుస్తది. రేపటి నుంచి రాకని ఒక్క మాటంటే అయిపాయె. నీ కాయితంల పేరు మా పొయ్యి ఎలిగిస్తదా అన్నా?"

నేను వాదించబోయాను. ఆమె చీర దులిపి తీగ మీద వేసింది. నీళ్లు నా చేతిలోని సంచిక మీద పడ్డాయి. "కోపం చేసుకోకు" అంది. కోపం చేసుకోవద్దని నాకు ఆమె చెప్పవలసి వచ్చింది!

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు దండాలు. సొరుగులో పడి ఉన్న నా రిపోర్టును పదవీ విరమణ నాడు తీసి, ఎవరికీ చెప్పకుండా నా చేతిలో పెట్టిన లైబ్రేరియన్ సుదర్శనం గారికి. ఇసుక చూసిన రెండో సాక్షి, ఆ సంగతి ఎక్కడ అడిగినా చెబుతానన్న టీ హోటల్ ఖాజా భాయ్‌కి. ఆమె అడిగిన ఏ రోజూ పొట్టు లేదనని సామిల్లు యాదగిరికి. ఆమె చివరి రోజుల సంగతులు చెప్పిన పక్కింటి రాజవ్వకు. యంత్రం మాడిన రోజు సంగతి దాచకుండా చెప్పిన అటెండర్ మల్లేశానికి. నా రాతలో తప్పులు దిద్ది, కోపం మాత్రం దిద్దని కంపోజిటర్ కనకయ్యకు.

ఈ వరసలో మొదట ఉండవలసినవి ఇంకో రెండు పేర్లు, తల్లిదీ బిడ్డదీ. రెండూ నాకు తెలుసు. నేను రాయలేదు. వద్దన్నది బిడ్డే. కానీ ఆమె చేత ఆ మాట అనిపించింది ఆమె కాదు.